గొంతును రెండుగా పరిస్తే పాట పెద్దదవదు

హోమ్ స్టూడియోల్లో ఇప్పుడొక చిట్కా సూత్రంలా చెలామణీ అవుతోంది: లీడ్ వోకల్ పలచగా ఉంటే, గొంతుకు నకలు చేర్చే డబ్లర్ ప్లగిన్ వేసి ఎడమకీ కుడికీ పరిచేయడం. హెడ్‌ఫోన్స్‌లో మొదటిసారి వింటే పాట నిజంగానే పెద్దదైనట్టు అనిపిస్తుంది. కానీ ఆ వెడల్పు కోసం మాట స్పష్టతనూ, పాట నడుమ గొంతు నిలబడే చోటునూ తాకట్టు పెడుతున్నారు.

ఒకే గొంతును ఎడమన ఉన్నదున్నట్టు, కుడిన 10 మిల్లీసెకన్లు ఆలస్యంగా, సమాన స్థాయిలో పెట్టారనుకుందాం. ఒంటి స్పీకరున్న ఫోన్‌లోనో, చిన్న బ్లూటూత్ స్పీకర్లోనో ఆ రెండూ కలిసి మోనో అవుతాయి. అప్పుడు 50, 150, 250, 350 హెర్ట్జ్... ఇలా ప్రతి 100 హెర్ట్జ్‌కీ ఒకచోట తరంగాలు ఎదురుపడి ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. దువ్వెన పళ్ల సందుల్లా గొంతులో ఖాళీలు పడతాయి కాబట్టే దీన్ని కోంబ్ ఫిల్టరింగ్ అంటారు. గొంతు గొట్టంలోంచి వస్తున్నట్టు బోలుగా వినిపిస్తుంది. ఆ కాపీ ఫేజ్‌ను తిరగేసి పెట్టడం మరో చిట్కా. ఆలస్యమేమీ లేకుండా అలా చేస్తే మోనోలో గొంతే మిగలదు.

స్టీరియోలోనైనా దక్కేది తక్కువే. ఒకే శబ్దం రెండు వైపుల నుంచి సుమారు 30 మిల్లీసెకన్ల లోపు తేడాతో వస్తే, ముందు వినిపించిన వైపే అది ఉందని చెవి తీర్మానిస్తుంది. ఈ సంగతిని శబ్ద పరిశోధకుడు హెల్ముట్ హాస్ 1949లోనే వివరించాడు. అంటే గొంతు విశాలం కావడం అటుంచి, పక్కకు ఒరుగుతుంది.

బీటిల్స్ కూడా యంత్రంతోనే డబ్లింగ్ చేశారు కదా అన్నది ఎదుటి వాదం. నిజమే. ఒకే పాటను రెండుసార్లు పాడటం ఆ బృందంలోని జాన్ లెనన్‌కు విసుగు. అందుకే 1966లో ఈఎంఐ స్టూడియో ఇంజనీరు కెన్ టౌన్‌సెండ్ రెండో టేపు యంత్రాన్ని జోడించి ఏడీటీ (ఆర్టిఫిషియల్ డబుల్ ట్రాకింగ్) పద్ధతిని కనిపెట్టాడు. అయితే ఆ యంత్రం వేగాన్ని మనిషి సవరిస్తూ ఉండేవాడు, ఆలస్యం ఒకేచోట బిగుసుకుపోయేది కాదు. పైగా అప్పట్లో ఆ బృందం శ్రద్ధంతా మోనో మిక్స్ మీదే. వాళ్లు వెతికింది చిక్కదనం, వెడల్పు కాదు.

యంత్రం లేకుండా, మళ్లీ పాడి చేసే డబ్లింగ్ సంగతి వేరు. 1991లో నిర్వాణ బృందం ‘నెవర్‌మైండ్’ ఆల్బమ్ చేస్తున్నప్పుడు గాయకుడు కర్ట్ కోబేన్ దానికి మొగ్గు చూపలేదు. లెనన్ కూడా చేశాడని చెప్పి నిర్మాత బుచ్ విగ్ అతణ్ని ఒప్పించి, మళ్లీ పాడించాడు. రెండోసారి పాడినప్పుడు అక్షరం ఎత్తుగడ, ఊపిరి, శ్రుతి అన్నీ రవ్వంత మారతాయి. క్షణక్షణం మారే ఆ తేడాయే చెవికి ఇద్దరున్న భ్రమ కలిగిస్తుంది. జరిపి పెట్టిన కాపీలో అది ఉండదు.

ఒక పక్క కొన్ని సెంట్లు (శ్రుతిని కొలిచే చిన్న ప్రమాణం) పైకి, మరో పక్క కిందకి శ్రుతి జరిపే ప్లగిన్లు కొంత మేలు. అసలు గొంతును నడిమధ్యే ఉంచి, వాటిని సన్నగా, అదీ పల్లవిలో మాత్రమే కలిపితే పనికొస్తాయి. గాయకుడు బూత్‌లో ఉండగానే పల్లవిని మరో రెండుసార్లు పాడించడం అంతకన్నా మంచిది. ఆ టేకులను చెరో పక్కకీ పెట్టి, చరణంలో తీసేస్తే, మళ్లీ పల్లవి రాగానే పాట తలుపులు తెరుచుకున్నట్టు విచ్చుకుంటుంది. ఆపైన మోనో బటన్ నొక్కి, సాహిత్యం కాగితం పక్కన పెట్టి, ప్రతి మాటా అందుతోందో లేదో వినాలి. అందకపోతే ముందుగా ఆపి చూడాల్సింది డబ్లర్‌నే.