మన నిమ్మ సోడా మనమే చేసుకొనరాదా?

మన కళాశాలలో ఏ సభ జరిగినా, అది ముషాయిరా అయినా, కవి సమ్మేళనమైనా, చివరి సంవత్సరం విద్యార్థుల వీడ్కోలు విందైనా, వేదిక మీది పెద్దల ముందు చల్లని పానీయపు సీసా ఒకటి వచ్చి నిలువక తప్పదు. సీసా లేనిదే మర్యాద జరుగలేదన్న భావం మనలో పాతుకొనిపోయినది. ఉర్దూలో మెహమాన్ నవాజీ అన్నా, తెలుగులో అతిథి మర్యాద అన్నా, ఇంటి వారు తమ చేతితో కలిపి ఇచ్చిన పానీయమే ఒకప్పుడు దానికి గుర్తు. నేడు ఆ మర్యాద అంగడి నుండి పెట్టెల లెక్కన వస్తున్నది. దానికయ్యే వ్యయం విద్యార్థుల చందా నుండి పోతున్నది. నిమ్మకాయ, చక్కెర, నీరు, కాస్త వాయువు ఉంటే ఎవరైనా చేసుకోగల పానీయానికి ఇంత పరాధీనత ఎందుకని మా ప్రశ్న. విషయం అల్పమని కొందరు నవ్వవచ్చును. పత్రిక పుటలలో దేశ సమస్యల నడుమ సోడాకు చోటేమిటని మందలించనూవచ్చును. అయితే రసాయన శాస్త్రం, ఇంటి ఖర్చు, రైతు గిట్టుబాటు, ఒక చిన్న వృత్తి వారి బ్రదుకు, ఇవన్నీ ఒక్క గ్లాసులో కలిసే సందర్భాలు ఎక్కువ లేవు.

మాటల సంగతితో మొదలు పెడదాం, ఎందుకంటే రెండు భాషల విద్యార్థులు పక్కపక్కన కూర్చొని చదివే మన వంటి చోట దీనికి విలువ ఎక్కువ. షర్బత్ అన్న మాట త్రాగుట అనే అర్థం గల అరబ్బీ ధాతువు నుండి పుట్టినది. ఆంగ్లేయుల సిరప్ కూడా అదే ధాతువు సంతానం. నిమ్మరసానికి ఉర్దూలో వాడే షికంజబీన్ అన్న మాటలో పారసీక పదాలు రెండు దాగి ఉన్నవి. ఒకటి సిర్కా, రెండవది తేనె అనే అర్థం గల అంగబీన్. అనగా మొదట అది పులియబెట్టిన సిర్కాను తేనెతో కలిపిన పానకం. కాలక్రమాన సిర్కా పోయి నిమ్మ వచ్చి చేరినది, పేరు మాత్రం నిలిచినది. మన తోటలలో విరివిగా కాసే పలుచని తొక్క నిమ్మను కాగ్జీ నిమ్మ అంటారు. తొక్క కాగితంలా పలుచన గనుక ఆ పేరు. మన కాగితం అనే మాట కూడా ఆ పారసీక పదం నుండి వచ్చినదే. ఒకే కాయను కోసుకొని త్రాగే మనకు దాని పేరులోనూ బంధుత్వమున్నది.

ఇక వాయువు కథ. జోసెఫ్ ప్రీస్ట్లీ అనే శాస్త్రజ్ఞుడు 1767లో లీడ్స్ నగరాన, పొరుగున ఉన్న బీరు కర్మాగారంలో పులుస్తున్న తొట్ల మీద నిలిచిన వాయువును నీటిలో కలిపి చూశాడు. నీటికి ఒక ఇంపైన చురుకు వచ్చినది. 1772లో ఆ పద్ధతిని చిన్న పుస్తకంగా అచ్చు వేయించాడు. అతడు దానితో వ్యాపారం చేయలేదు. 1783లో జెనీవాలో యోహాన్ యాకోబ్ ష్వెప్ చేశాడు. 1803లో విలియం హెన్రీ, ఒత్తిడి పెరిగిన కొలది ద్రవంలో కరిగే వాయువు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుందని సూత్రీకరించాడు. 1872లో హైరం కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు, మెడలో గాజు గోలీ గల సీసాకు పేటెంటు పొందాడు. లోపలి వాయువే గోలీని రబ్బరు వలయానికి నొక్కి పట్టి మూత పని చేస్తుంది. ఆ సీసా పుట్టిన దేశంలో ఏనాడో పురావస్తువైనది. మన వీధులలో గోలీ సోడాగా ఇంకా బ్రదికే ఉన్నది.

కార్బన్ డయాక్సైడ్ అనగా సున్నపు తేటను పాలవలె తెలుపు చేయునది అని మనం రికార్డు పుస్తకంలో వ్రాసి, పటం గీసి, సంతకం చేయించుకొంటాం. అక్కడితో దానితో మన పరిచయం తీరిపోతున్నది. నిన్న ప్రయోగశాలలో సున్నపు తేటలోనికి పోనిచ్చిన వాయువే నేడు క్యాంటీనులో కొనే సీసాలో బుసలు కొడుతున్నదని ఎంత మందికి తోస్తున్నది? తెలిసిన శాస్త్రాన్ని వంటింటి గడప దాటనీయకపోవడం మన విద్యకు పట్టిన పెద్ద జబ్బు అని మా అభిప్రాయం.

ఇంట చేసే పద్ధతిని మేము పలుమార్లు చేసి చూసినంతలో చెబుతున్నాం. ముందుగా ఒక కిలో చక్కెరకు అర లీటరు నీరు పోసి, కరిగే వరకు కాచి, పాకం పూర్తిగా చల్లారనీయవలెను. ఆ పాకంలో నిమ్మతొక్క పై పచ్చని పొరను పలుచగా గీరి వేసి, గంట సేపు ఉంచి వడగడితే కాయ వాసన అంతా దిగుతుంది. వాసన రసంలో కన్న తొక్కలోని నూనెలోనే ఎక్కువ. ఈ ఒక్క సంగతి తెలియకనే చాలా ఇండ్లలో నిమ్మరసం పులుపుగా ఉండి కూడా చప్పగా తోస్తుంది. తొక్క క్రింది తెల్లని పొర మాత్రం పడరాదు, చేదెక్కుతుంది. రసం త్రాగే పూటనే పిండవలెను. గింజలు నలిగినా, రసం నిలువ ఉన్నా చేదు తేలుతుంది. రసాన్ని కళాయి లేని ఇత్తడి గిన్నెలోనో, అల్యూమినియం గిన్నెలోనో ఉంచరాదు. గాజు గాని, పింగాణి గాని, స్టీలు గాని కావలెను.

రెండు వందల మిల్లీలీటర్ల గ్లాసుకు ఒక కాయ రసం, రెండు చెంచాల పాకం, మిగిలినది నీరు. వాయువు కోసం పావు చెంచా వంట సోడా చివరన వేసి, ఒక్కసారి కలిపి, పొంగు అణగకముందే త్రాగవలెను. పావు చెంచా అంటే ఒక గ్రాముకు కొంచెం ఎక్కువ. నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం నూటికి అయిదారు పాళ్ళుంటుంది గనుక, ఒక మంచి కాయలోని ఆమ్లం ఆ సోడానంతటినీ విరిచి, ఇంకా నాలుకకు పులుపు మిగుల్చుతుంది. నురుగు బాగా రావలెనన్న ఆశతో నిండు చెంచా వేస్తే దానిని విరవడానికి మూడు కాయలు చాలవు. మిగిలిన సోడా సబ్బు రుచి పుట్టిస్తుంది. మూడు పాళ్ళ ఆమ్లానికి నాలుగు పాళ్ళ వంట సోడా అని తూకంలో గుర్తుంచుకొంటే చాలును.

నీరు ఎంత చల్లగా ఉంటే అంత మంచిది. ఇది రుచికి చెప్పిన మాట కాదు. సున్న డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 1.7 లీటర్ల వాయువు కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద లీటరులో మూడింట రెండు వంతులే కరుగుతుంది. మన ఎండలలో కుండ నీటితో చేసి, పొంగు నిలువలేదని నిమ్మకాయను నిందించి ప్రయోజనం లేదు. ఉప్పు వేసుకొనేవారు అడుగున ముందే వేసి కరిగించవలెను. పొంగుతున్న పానీయంలో పైనుండి ఉప్పు చల్లితే, ఒక్కొక్క పలుకు అంచున బుడగలు పుట్టి సగం గ్లాసు బల్ల మీదికి పోతుంది.

రెండు హెచ్చరికలు వినోదం కోసం చేసేవి కావు. వంట సోడా వేరు, చాకలి సోడా వేరు. రెండవది కడుపులోనికి పోరాదు. ప్రయోగశాల బీరువాలోని ఆమ్లం, సోడా ఎంత స్వచ్ఛమని చీటీ మీద వ్రాసి ఉన్నా వాటిని తినే వస్తువులుగా తలచరాదు. మరొక సంగతి కూడా ఉన్నది. ఈ విధంగా చేసిన గ్లాసులో సుమారు 300 మిల్లీగ్రాముల సోడియం మిగులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ చెప్పిన హద్దు 2000 మిల్లీగ్రాములే. కనుక రక్తపోటు గల పెద్దలకు ఇది తగదు. వారికి సోడా లేని నిమ్మరసమే ఇవ్వవలెను.

ఈ లోపాన్ని తప్పించే ఉపాయం మన ప్రయోగశాలలోనే ఉన్నది. ఒక సీసాలో సోడాను, ఆమ్లాన్ని కలిపి, పుట్టిన వాయువును మాత్రమే గొట్టం ద్వారా రెండవ సీసాలోని మంచు నీటిలోనికి పోనిచ్చి బాగా కుదిపితే, ఉప్పు మొదటి సీసాలోనే మిగిలిపోతుంది. ఇందుకు గాజు సీసా ఎన్నడూ వాడరాదు. ఒత్తిడికి పగిలితే కళ్ళు పోతాయి. శీతల పానీయాలు వచ్చే ప్లాస్టిక్ సీసాలు ఒత్తిడిని ఓర్చుకొనేటట్లు చేసినవి గనుక అవే వాడవలెను. అధ్యాపకుల సమక్షంలో చేయవలసిన పని ఇది. ఈస్టు వేసి పులియబెట్టే పద్ధతి కూడా ఉన్నది గాని, వాయువుతో బాటు మద్యసారం కొంతైనా పుట్టక మానదు. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద పెట్టదగినది కాదు కనుక దాని జోలికి మేము పోలేదు.

సీసా పానీయాలను ఊరక దూషించడం మా ఉద్దేశం కాదు. అవి ఎక్కడ కొన్నా ఒకే రుచి, మూత భద్రంగా ఉంటుంది, చేసిపెట్టేవారి శ్రమ లేదు. ఆ గుణాలు కాదనలేం. కాని చాలా వాటిలో వంద మిల్లీలీటర్లకు పది గ్రాముల దరిదాపుగా చక్కెర ఉంటుంది. నిమ్మ బొమ్మ గల సీసాలో నిమ్మ ఎంత ఉన్నదో చీటీ చదివిన వారికి తెలుస్తుంది. నీటిలో తేలిపోయే నిమ్మ నూనెను సమంగా నిలిపేటందుకు ఒకప్పుడు బ్రోమిన్ చేర్చిన వృక్ష తైలాన్ని వాడేవారు. మన దేశం ఎన్నడో దానిని నిషేధించినది. అమెరికా మాత్రం 2024లో గాని ఆ పని చేయలేదు. 1977లో కోకాకోలా సంస్థ మన దేశాన్ని విడిచి వెళ్ళినపుడు దాహంతో ఎవరూ అలమటించలేదు. మన వారి పానీయాలు ఆ స్థానాన్ని నింపినవి. 1993లో ఆ సంస్థ తిరిగి వచ్చి, వాటిలో పేరొందిన లిమ్కాను, థమ్సప్‌ను కూడా కొనివేసినది. ఆ మార్కెట్టును మనం ఆపలేం. మన సభలో మన బల్ల మీద ఏముండవలెనో నిర్ణయించుకోగలం.

ఇచ్చట ఒక చిక్కున్నది. మూడు వందల మందికి గ్లాసు గ్లాసుకు వంట సోడా కలపడం జరిగే పని కాదు, రుచిలోనూ అది మిన్న కాదు. మా సలహా ఏమనగా, వాయువు పనిని దానినే వృత్తిగా గల వారికి అప్పగిద్దాం. ఊరిలో గోలీ సోడా చేసేవారు ఇంకా ఉన్నారు. వారి వద్ద ఏ రంగూ తీపీ లేని ఉత్త సోడా తెచ్చి, మన పాకం, మన రసం మనమే కలుపుదాం. ఆ విధంగా చందా డబ్బులో కొంత దూరపు సంస్థలకు గాక పక్క వీధికి చేరుతుంది. నీటి శుభ్రత మాటేమిటని కమిటీ పెద్దలు అడుగుదురు, అడుగవలసిందే. సోడా చేసే చోటికి ముందుగా వెళ్ళి నీరు ఎక్కడిదో, సీసాలు ఎట్లు కడుగుతున్నారో చూసి రావలెను. అసలు భయం సోడాలో కన్న మంచులో ఉన్నది. చేపల పెట్టెలకు వాడే మంచు దిమ్మను గోనెసంచిలో తెచ్చి పగులగొట్టి గ్లాసులో వేసే అలవాటు మానవలెను. మంచు గ్లాసులో గాక సీసాల చుట్టూ ఉంటే పానీయం అంతే చల్లబడుతుంది, రోగం రాదు.

నిమ్మ ధర సంగతి కూడా లెక్కలోనికి తీసుకోవలెను. గూడూరు, పొదలకూరు, తెనాలి, నకిరేకల్ మార్కెట్లలో వానకాలం కాయ కుప్పలుగా వచ్చి, కోత కూలి కూడా గిట్టని రోజులుంటాయి. ఎండాకాలం అదే కాయ అందని మ్రాని పండు. 2022 ఏప్రిల్‌లో చాలా చోట్ల కిలో రెండు వందల రూపాయలు దాటినది. వేసవిలో జరిగే సభలకు ఖర్చు పెరుగుతుందన్న మాట నిజమే. గ్లాసుకు కాయ బదులు అర కాయతో సరిపెట్టవచ్చును, ఉత్త సోడాతో కలిపినపుడు ఆమ్లం వృథాగా విరిగిపోదు గనుక ఆ అర కాయే చాలును. వానకాలంలో వచ్చే ఆగస్టు పదునైదు పండుగకైతే ఇంతకన్న చవుకైన పానీయం లేదు.

కనుక మా కోరిక మితమైనది. వచ్చే స్వాతంత్ర్య దినోత్సవాన జెండా వందనం తరువాత, వేదిక మీది ముఖ్య అతిథికీ, వెనుక వరుసలోని మొదటి సంవత్సరం విద్యార్థికీ ఒకే నిమ్మ సోడా ఇవ్వవలెను. రసాయన శాస్త్ర విద్యార్థులు పాళ్ళు చూసుకొంటారు. వాణిజ్య శాస్త్ర విద్యార్థులు ఖర్చు లెక్క వ్రాసి, గత సంవత్సరపు సీసాల లెక్క పక్కన నోటీసు బోర్డు మీద అంటిస్తారు. కత్తులు, వడగట్టే బట్టలు మేము తెచ్చుకొంటాం. కమిటీ వారు మూతలు గల పెద్ద స్టీలు పాత్రలు నాలుగు, కాచి చల్లార్చిన నీరు, ముందు రోజు సాయంత్రం నుండి వంటశాల తాళం ఇప్పించవలెనని మనవి.