జీపుకు జీర్ణోద్ధరణ

మొన్న ఒక పెళ్ళిపందిరిలో, నాకు వావికి అల్లుడయ్యే ఒక యువకుడు "మామయ్యగారూ, ఆ పాత జీపును ఇంకా తుక్కుకు వెయ్యలేదా? పదిహేనేళ్ళు దాటితే ప్రభుత్వమే వద్దంటోందిగా!" అన్నాడు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. విస్తరి ముందు వాదనకు దిగడం మర్యాద కాదని ఊరకున్నాను. ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటున్నాను. చదువరులు మన్నింతురు గాక.

మొదట ప్రభుత్వం మాట. సొంత వాహనపు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళకు ముగుస్తుంది. పరీక్షకు నిలిచిన బండికి ఆపైన ఐదేసి సంవత్సరాల చొప్పున మళ్ళీ ఇస్తారు. 2021లో వచ్చిన తుక్కు విధానం కూడా పరీక్షలో తప్పిన బండి గురించే మాట్లాడింది. వయసునే నేరంగా ఎంచిన ఉత్తర్వులు 2015లోనూ 2018లోనూ ఢిల్లీ ప్రాంతానికి వచ్చాయి. అక్కడి గాలి సంగతి వేరు. అయితే 2022 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణకు రుసుమును 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు. పొమ్మనలేక పొగబెట్టడమనే సామెతకు ఇంత చక్కని ఉదాహరణ నా ఉద్యోగకాలంలో దొరికి ఉంటే తరగతిలో వాడుకొనేవాణ్ణి.

ఇక ఆ జీపు. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యానికై పుట్టిన విల్లీస్ జీపు సంతతిది, మహీంద్రావారి సిజె-3బి. గేరు కర్ర పక్కన మరి రెండు పొట్టి కర్రలు ఉంటాయి. ఒకటి ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందిస్తుంది, రెండవది వేగం తగ్గించి ఆ బలాన్ని పెంచుతుంది. కంకిపాడు దగ్గర మా పొలానికి, వానపడిన నల్లరేగడిలో, ట్రాక్టరు తరువాత వెళ్ళగలిగినది అదొక్కటే. 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత మా నాన్నగారు బియ్యం బస్తాలు వేసుకొని పులిగడ్డ మీదుగా అవనిగడ్డ దాకా తీసుకువెళ్ళినది ఆ బండినే. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. వెనక బస్తాల మీద కూర్చున్నాను. ఆ దారిలో చూసినవి ఇక్కడ వ్రాయను.

నాన్నగారి తరువాత అది మా తమ్ముడిది. వాడు పోయాక సింగునగరులో వాడి ఇంటి ముందే ఉండేది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వచ్చింది. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల కృష్ణ దిగువకు పోయింది. జీపు ఐదు రోజులు నీళ్ళలో ఉంది. స్టీరింగు పైభాగం మాత్రం కనబడుతూండేదట.

నగరంలోని ఒక పెద్ద వర్క్‌షాపువారు వచ్చి చూశారు. "దీనికి కంప్యూటరు తగిలించే చోటే లేదండీ" అన్నారు, రోగికి నాడే లేదన్నట్టు. తూకానికి అమ్మెయ్యమన్నారు. వారిని నేను తప్పుపట్టను. నేర్చినదే చెప్పారు.

ఆటోనగరు మేస్త్రి మొదటి మాట: "మేస్టారూ, ఎవర్నీ సెల్ఫు ముట్టుకోనివ్వకండి." సిలిండరులో నీళ్ళుంటే అవి గాలిలాగా అణగవు, పిస్టను వాటిని ఒత్తబోతే కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది. అతడు నాలుగు ప్లగ్గులూ విప్పి, రంధ్రాల్లో కాస్త నూనె పోసి, రాత్రంతా వదిలేశాడు. తెల్లవారి ముందునుంచి హ్యాండిలు పెట్టి చేత్తో తిప్పితే ప్లగ్గు రంధ్రాల్లోంచి బురదనీళ్ళు ఎగజిమ్మాయి. గేరుబాక్సులోనూ, ముందు వెనక డిఫరెన్షియళ్ళలోనూ ఆయిలు చిక్కటి మజ్జిగలా దిగింది. నీళ్ళూ నూనే కలిసి చిలికితే అంతేనట. కొత్త ఆయిలు పోసి, కొంతదూరం నడిపి, దాన్నీ పారబోయించాడు. నాకు ప్రాణం ఉసూరుమంది, కాని లోపలి మూలల్లోని తడి ఆ రెండో ఆయిలుతో గాని బయటికి రాదన్నాడు. ముందు చక్రాలు మలుపు తిరిగే గుండు దగ్గర సీలు చివికి, లోపలి గ్రీజు ఎర్రమట్టి అయింది. బేరింగులు మార్చి, పలచని రేకుబిళ్ళలు ఒక్కొక్కటే వేస్తూ తీస్తూ, స్ప్రింగు కాటా తగిలించి లాగి బిగువు చూశాడు. డైనమో, సెల్ఫు విప్పి ఆరబెట్టాడు. బ్రేకు సిలిండర్లన్నీ కొత్తవి. మూడు వారాలు పట్టింది. జీపు కదిలింది.

జీర్ణమంటే అరిగినది, శిథిలమైనదీ. గుడి శిథిలమైతే మనవాళ్ళు జీర్ణోద్ధరణ చేశారు. దానికి ఆ పేరు పెట్టి పుణ్యకార్యాల్లో చేర్చారు. అదే పని ఇనుముకు చేసినవాణ్ణి మాత్రం పెళ్ళిపందిట్లో నవ్వుతున్నాం.

ఆ జీపు కొత్త కారుకంటె ఎక్కువ పొగ వదులుతుంది. నిజం. హైవే ఎక్కించను, ఆ బ్రేకులు ఆ వేగానికి పుట్టలేదు. పరీక్షలో తప్పితే నేనే తుక్కుకు పంపుతాను. నెలకు నాలుగు మార్లు పొలానికి పోయే బండిని పరీక్ష కూడా చెయ్యకుండా పుట్టినతేదీ చూసి చంపమనడమే నాకు గిట్టనిది. కొత్తదాన్ని పోతపోయడానికి కూడా ఎక్కడో ఒక కొలిమి మండుతుంది. ఆ పొగ మన వీధిలో కనబడదు గనుక లెక్కలోకి రాదు.

నన్ను నిద్రపట్టనివ్వనిది మరొకటి ఉంది. ఆ మేస్త్రి కొడుకు ఈ పని నేర్చుకోలేదు. తండ్రి చెవితో విని చెప్పే బేరింగు రొద ఏ పుస్తకంలోనూ లేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో రైతుల మాటలు ఏరి వృత్తిపదకోశం కూర్చారు. తరువాత చేనేత మాటలకూ సంపుటం వచ్చింది. మనం కంప్యూటరు మాటలకు తెలుగు కల్పించడానికి రాత్రుళ్ళు కొట్లాడుకున్నవాళ్ళం కదా! పటమట పక్కన పుట్టే మాటలు వ్రాసుకోవడానికి మనలో ఒక్కడు నోటుపుస్తకం పట్టుకుపోయాడా? నేనూ పోలేదు. ముప్ఫయ్యేళ్ళకు పైగా అలంకారాలు చెప్పాను.

ముందు చక్రాల బిగువు మళ్ళీ ఒకసారి చూడాలట. ఆదివారం రమ్మన్నాడు. నోటుపుస్తకం కొన్నాను. అల్లుడిక్కూడా కబురుపెట్టాను, పాత బట్టలు వేసుకొని రమ్మని.