నాన్న చెప్పని ఉద్యోగం

కొడుకు బాగా చదువుకోవాలి. మంచి ఉద్యోగం చేయాలి. అది ఏ ఉద్యోగమైనా ఫర్వాలేదు... తాము చేసే పని మాత్రం కాకూడదు! కోలారు బంగారు గనుల్లో ఓ తెలుగు కుటుంబం కోరుకున్నది అంతే. కొడుకు చదువుకున్నాడు. ఆ పని ముట్టుకోవాల్సిన అవసరం లేనంత దూరం వెళ్లాడు. ఆ తర్వాత వెనక్కి తిరిగి ఆ పని దగ్గరికే వచ్చాడు... దాన్ని లేకుండా చేయడానికి!

ఆ కుర్రాడే బెజవాడ విల్సన్‌.

బంగారం కింద బకెట్‌

చిత్తూరు జిల్లా సరిహద్దు దాటితే కోలారు గనులు ఎంతో దూరం కాదు. 1880లో ఇంగ్లండుకు చెందిన జాన్‌ టేలర్‌ కంపెనీ అక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది. కూలి కోసం తమిళ జిల్లాల నుంచీ తెలుగు జిల్లాల నుంచీ వేలమంది వలస వెళ్లారు. 1902లోనే శివసముద్రం జలపాతం నుంచి ఆ ఊరికి కరెంటు వచ్చింది. అప్పటికి బెంగళూరు వీధుల్లో కూడా విద్యుద్దీపాలు లేవు. గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగాయి. అంత లోతు నుంచి రాయిని పైకి తెచ్చే యంత్రాలు ఉన్నాయి కానీ, నేలమీద ఉన్న మలాన్ని ఎత్తడానికి మాత్రం మనుషుల చేతులే దిక్కయ్యాయి.

కార్మికుల వాడల్లో ఉన్నవి నీళ్లులేని మరుగుదొడ్లు. తెల్లారేసరికి ఎవరో ఒకరు రేకుముక్కతో గోకి, బకెట్లో నింపుకొని, మోసుకెళ్లి పారబోయాలి. విల్సన్‌ తండ్రి జేకబ్‌ 1935లో ఆ టౌన్‌షిప్‌లో ఈ పనిలో చేరాడు. తర్వాత పెద్దకొడుకుకీ అదే పని వచ్చింది. ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కి వచ్చిందనడం కంటే, కులం నుంచి వచ్చిందనడం సరైన మాట.

విల్సన్‌ 1966లో పుట్టాడు. ఇంట్లో అందరికంటే చిన్నవాడు. బడిలో సాటి పిల్లలు ‘తోటి’ అని వెక్కిరించేవారు. అలా ఎందుకు అంటున్నారో ఆ పిల్లాడికి తెలియదు. ఇంటికొచ్చి అడిగితే అమ్మానాన్నలు ఏదో చెప్పి మాట దాటవేసేవారు. చిన్నవాడి చెవిన ఆ పని పేరు పడకూడదన్నది వాళ్ల తాపత్రయం. ఈ ఒక్కడినైనా బయటపడేయాలనుకున్నారు. అందుకే చదువు కోసం ఆంధ్రప్రదేశ్‌ పంపించారు. ఎస్సీ హాస్టల్లో ఉంటూ ప్రాథమికోన్నత చదువు, తర్వాత కోలారు, హైదరాబాద్‌... చివరికి డాక్టర్‌ బి.ఆర్‌.అంబేద్కర్‌ సార్వత్రిక విశ్వవిద్యాలయం నుంచి రాజనీతిశాస్త్రంలో డిగ్రీ.

ఏ తల్లిదండ్రులైనా ఇంతకంటే ఏం కోరుకుంటారు? వాళ్ల లెక్క ప్రకారం కథ సుఖాంతమే.

ఆ రోజు ఏం చూశాడంటే...

కథ అక్కడ ఆగలేదు. సొంత ఊళ్లో, తమ వాడలోనే పిల్లలకు చదువు మీద ఆసక్తి కలిగించే పని పెట్టుకున్నాడు విల్సన్‌. పిల్లలు బడి మానేస్తున్నారు. కారణం వెతికితే ఇళ్లలో గొడవలు. గొడవలకు కారణం తండ్రుల తాగుడు. ‘ఎందుకింత తాగుతారు?’ అని పెద్దవాళ్లను నిలదీశాడు. ఆ పని చేసేవాళ్లు తాగకుండా ఉండలేరన్నది వాళ్ల జవాబు. ఏమిటా పని? చూపించమన్నాడు. వాళ్లు వద్దన్నారు. పట్టుబట్టి వెంట వెళ్లాడు.

అక్కడ ఒక కార్మికుడి బకెట్‌ మలం గుంతలో పడిపోయింది. అతను చొక్కా చేయి పైకి మడిచి, గుంతలోకి చేయి పెట్టి దాన్ని బయటికి తీయబోయాడు. విల్సన్‌ తట్టుకోలేకపోయాడు. వద్దని అడ్డం పడ్డాడు, ఏడ్చాడు. వాళ్లు ఓదార్చారు కానీ పని ఆపలేదు. ఇది చేయకపోతే మా ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందని అడిగారు.

ఆ ప్రశ్నకు డిగ్రీ పుస్తకాల్లో జవాబు లేదు. నాన్న ఇన్నేళ్లుగా ఏం దాచాడో, అన్న ఏం మోశాడో ఆ రోజు అర్థమైంది. బతకడం ఎందుకనిపించేంత వేదన. ఆ వేదనలోంచే ఒక నిర్ణయం పుట్టింది. చచ్చిపోవాల్సింది తను కాదు, ఆ పని!

ఉద్యోగాల విషయంలో మరో చేదు అనుభవం కూడా ఉంది. పేరు నమోదు చేయించుకోవడానికి ఎంప్లాయ్‌మెంట్‌ ఎక్స్ఛేంజీకి వెళితే, ఏ ఉద్యోగం కావాలన్న చోట అక్కడి సిబ్బంది రాసింది ‘పాకీపని’ అని. ఇంటిపేరూ కులమూ చూశారు. చదువు చూడలేదు. విల్సన్‌ ఆ కాగితాన్ని వదిలేసి వచ్చేశాడు.

ఉత్తరాలు, ఫొటోలు

1986లో మొదలైంది పోరాటం. అప్పటికి వయసు 20. చేతిలో డబ్బు లేదు, వెనక సంస్థ లేదు. ఇంట్లోవాళ్లూ స్నేహితులూ కూడా వద్దన్నారు. వాళ్ల భయం అర్థంచేసుకోదగ్గదే. బురదలోంచి ఒడ్డుకు చేర్చిన కొడుకు మళ్లీ అందులోకే దిగుతానంటే ఏ అమ్మకు నచ్చుతుంది? పైగా వాడలో జనం తలెత్తుకుని తిరగాలంటే ఈ సంగతి బయటికి పొక్కకూడదు. ఇతనేమో దాన్ని ఊరంతా చెబుతానంటున్నాడు!

విల్సన్‌ కలం పట్టుకున్నాడు. గనుల అధికారులకు ఉత్తరాలు. రాష్ట్ర మంత్రికి, ప్రధానికి ఉత్తరాలు. పత్రికలకు ఉత్తరాలు. చాలావాటికి జవాబే రాలేదు.

1993లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. చేతులతో మలం ఎత్తించడం, నీళ్లులేని మరుగుదొడ్లు కట్టడం నేరమంది. ఏడాది వరకు జైలు, రెండువేల రూపాయల వరకు జరిమానా. పారిశుద్ధ్యం రాష్ట్రాల పరిధిలోది కాబట్టి మిగిలిన రాష్ట్రాలు తీర్మానం చేసి తెచ్చుకోవాలి. కాగితం మీద చట్టం వచ్చినా కోలారులో బకెట్లు ఆగలేదు.

ఈసారి విల్సన్‌ కెమెరాతో సాక్ష్యం తయారుచేశాడు. మరుగుదొడ్లనూ వాటిని శుభ్రంచేస్తున్న మనుషులనూ ఫొటోలు తీసి పత్రికకు పంపాడు. అవి అచ్చయ్యాయి. విషయం పార్లమెంటు దాకా వెళ్లింది. ఇన్నాళ్లూ ఉత్తరాలకు కదలని అధికారులు ఫొటోలకు కదిలారు. పాతవాటిని నీటి మరుగుదొడ్లుగా మార్చారు. ఆ పనిచేసేవాళ్లను వేరే పనుల్లోకి తీసుకున్నారు.

అసలు గెలుపు ఆ రెండో మాటలో ఉంది. ‘మా ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?’ అన్న ప్రశ్నకు జవాబు దొరికింది. బకెట్‌ లాక్కుంటే చాలదు, ఆ చేతికి మరో పని ఇవ్వాలి. తర్వాత విల్సన్‌ ఎక్కడికి వెళ్లినా ఈ రెండూ కలిపే అడిగారు.

తోడు నిలిచిన పెద్దమనిషి

1990ల్లో ‘సఫాయి కర్మచారీ ఆందోళన్‌’ రూపుదిద్దుకుంది. విల్సన్‌తో పాటు దళిత హక్కుల కార్యకర్త పాల్‌ దివాకర్‌, విశ్రాంత ఐఏఎస్‌ అధికారి ఎస్‌.ఆర్‌.శంకరన్‌ దీని వెనక ఉన్నారు.

శంకరన్‌ పేరు తెలుగువాళ్లకు కొత్తకాదు. తంజావూరు ప్రాంతం నుంచి వచ్చి ఆంధ్రప్రదేశ్‌ కేడర్‌లో పనిచేసిన ఆయన వెట్టిచాకిరీ నుంచి ఎందరినో విడిపించారు. ఎస్సీ పిల్లల గురుకుల పాఠశాలలకు పునాది వేశారు. పెళ్లి చేసుకోలేదు. జీతంలో చాలాభాగం పేద విద్యార్థుల చదువులకే పోయేది. 2005లో పద్మభూషణ్‌ ప్రకటిస్తే వద్దన్నారు. 2010 అక్టోబరులో కన్నుమూసేదాకా ఈ ఉద్యమానికి అండగా ఉన్నారు. ఒకరు ఆ బాధలో పుట్టినవాళ్లు, మరొకరు ప్రభుత్వ ఫైళ్ల గుట్టుమట్లన్నీ తెలిసినవాళ్లు. ఇద్దరూ కలిస్తే ఏమవుతుందో సుప్రీంకోర్టులో తెలిసింది.

2003లో ఈ సంస్థ మరికొందరితో కలిసి సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. రాష్ట్రాలు అఫిడవిట్లు దాఖలు చేశాయి. మా దగ్గర అసలు ఈ పనే లేదన్నాయి. ఉద్యమ కార్యకర్తలు ఊరూరా తిరిగారు. మరుగుదొడ్డి ఎక్కడుందో, శుభ్రంచేసేది ఎవరో వివరాలు రాసుకుని, ఫొటోలు జతచేసి కోర్టు ముందు పెట్టారు. కోలారులో ఒక కుర్రాడు ఒంటరిగా చేసిన పనే ఇప్పుడు దేశమంతా సాగింది.

కేసు నడుస్తుండగానే 2013లో కొత్త చట్టం వచ్చింది. మురుగుకాల్వల్లో, సెప్టిక్‌ట్యాంకుల్లో రక్షణ లేకుండా మనిషిని దించడమూ నేరమే అంది. పునరావాసం ప్రభుత్వ బాధ్యత అంది. 2014 మార్చి 27న తీర్పు వెలువడింది. 1993 నుంచి మురుగులో దిగి చనిపోయినవాళ్లను గుర్తించి, ఒక్కో కుటుంబానికి 10 లక్షల రూపాయలివ్వాలని కోర్టు ఆదేశించింది. వ్యాజ్యం వేసిన పదకొండేళ్లకు!

2015 డిసెంబరులో అస్సాంలోని దిబ్రూగఢ్‌ నుంచి ‘భీమ్‌ యాత్ర’ బయల్దేరింది. ‘మమ్మల్ని చంపడం ఆపండి’ అన్నదే నినాదం. అంబేద్కర్‌ 125వ జయంతి సందర్భంగా 125 రోజులు తిరిగి, 2016 ఏప్రిల్‌లో దిల్లీ చేరింది. అదే ఏడాది విల్సన్‌కు రామన్‌ మెగసెసే పురస్కారం దక్కింది. తండ్రి బకెట్‌ పట్టిన ఎనభై ఏళ్లకు కొడుకు ఆ పురస్కారం అందుకున్నాడు.

ఇంజినీరింగ్‌ కుర్రాళ్లు కూడా...

విల్సన్‌ది పుట్టుకతో వచ్చిన గాయం. ఆ అనుభవం లేనివాళ్లు ఏం చేయగలరు? దీనికి జవాబు కేరళలో ఉంది.

2015 నవంబరులో కోజికోడ్‌లో ఇద్దరు కార్మికులు మ్యాన్‌హోల్‌లో దిగి ఊపిరాడక పడిపోయారు. కాపాడదామని ఓ ఆటోడ్రైవర్‌ దూకాడు. ముగ్గురూ ప్రాణాలు కోల్పోయారు. ఆ ఇద్దరు కార్మికులూ పొట్టచేతపట్టుకుని ఆంధ్రా నుంచి వెళ్లినవాళ్లే. కుట్టిప్పురం ఇంజినీరింగ్‌ కాలేజీలో చదివిన మిత్రబృందాన్ని ఆ వార్త కుదిపేసింది. వాళ్లు కాలేజీలో రోబో తరహా యంత్రాల మీద ప్రయోగాలు చేసినవాళ్లు. ఆ విద్యను మురుగుకాల్వ మీద పెట్టారు. మ్యాన్‌హోల్‌లోకి మనిషికి బదులు దిగే రోబోను తయారుచేశారు. 2018లో తిరువనంతపురంలో అది పనిలోకి దిగింది. దాని పేరు ‘బ్యాండికూట్‌’. ఇంగ్లిషువాళ్లు ఈ మాటను తీసుకున్నది మన ‘పందికొక్కు’ నుంచే!

ఒకరు చదివింది రాజనీతిశాస్త్రం, మరొకరిది ఇంజినీరింగ్‌. ‘ఏ కోర్సు చేస్తే సమాజానికి పనికొస్తాం?’ అని అడిగే పిల్లలకు ఈ రెండు దారుల్లోనూ కనిపించేది ఒకటే. కోర్సు ఏదైనా కావచ్చు, ముందు సమస్య దగ్గరికి వెళ్లి కళ్లారా చూడాలి. విల్సన్‌ మలం గుంత దాకా వెళ్లకపోయి ఉంటే, ఊళ్లో పిల్లలకు పాఠాలు చెప్పిన మంచి యువకుడిగానే మిగిలేవాడు. అదీ తక్కువేం కాదు. కానీ బకెట్లు అలాగే ఉండేవి.

ఇంకా అయిపోలేదు

కోలారు గనులు 2001లో మూతపడ్డాయి. మురుగులో చావులు మాత్రం ఆగలేదు. 2019 నుంచి 2023 వరకు ఐదేళ్లలో మురుగుకాల్వలూ సెప్టిక్‌ట్యాంకులూ శుభ్రంచేస్తూ 377 మంది చనిపోయారని కేంద్రమే 2024లో పార్లమెంటుకు చెప్పింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. 2025 జనవరిలో హైదరాబాద్‌ సహా ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు శుభ్రం చేయించడాన్ని నిషేధించింది. నలభై ఏళ్ల కిందట ఒక కుర్రాడు మొదలుపెట్టిన పని ఇంకా మిగిలే ఉంది.

ఆ అమ్మానాన్నలు తప్పుచేశారా? లేదు. వాళ్లు దాచింది సిగ్గుతో కాదు, బిడ్డ మీద ప్రేమతో. వాళ్లు దూరంగా పంపకపోతే చదువు లేదు, చదువు లేకపోతే ఉత్తరాలూ ఫొటోలూ కోర్టు కేసులూ లేవు. అయితే వాళ్లు ఒక్క బిడ్డ గురించి ఆలోచించారు. ఆ బిడ్డ వాడ మొత్తం గురించి ఆలోచించాడు.

‘మీ నాన్న ఏం చేస్తారు?’ బడిలో చేరిన మొదటిరోజు ఏ పిల్లాడినైనా అడిగే ప్రశ్న ఇది. ఇంటికొచ్చి ఆ ప్రశ్నే వేస్తే, మాట దాటేయాల్సిన అవసరం ఏ తండ్రికీ రాకూడదు. విల్సన్‌ ఎంచుకున్న ఉద్యోగం అదే.