దగ్గు మందు పోసే ముందు...

చలిగాలి మొదలైందంటే చాలు, ఏ ఇంట్లో చూసినా పిల్లల దగ్గులే. వెంటనే మనమేం చేస్తాం? అలమారలో కిందటేడు మిగిలిన సీసా వెతికి ఒక చెంచా పోసేస్తాం. అది లేకపోతే పెద్దవాణ్ణి మందుల షాపుకి పంపి, ఉల్లిపాయలు తెప్పించుకున్నంత తేలిగ్గా తెప్పించేస్తాం.

2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో జరిగిన ఘోరం మీకు గుర్తుండే ఉంటుంది. కోల్డ్రిఫ్ అనే దగ్గు మందు తాగి, మూత్రపిండాలు చెడిపోయి ఇరవై మందికి పైగా పసివాళ్ళు చనిపోయారు. తమిళనాడు అధికారుల పరీక్షలో ఆ మందులో డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉందని తేలింది. 0.1 శాతం మించకూడనిది! అదేమో తియ్యగా ఉంటుంది. వాసన చూసో, నాలిక మీద వేసుకునో మనం కనిపెట్టలేం.

కల్తీ సంగతి అలా ఉంచండి, మంచి మందు మాత్రం పసిపిల్లలకి అవసరమా? రెండేళ్ళ లోపు వాళ్ళకి దగ్గు, జలుబు మందులు ఇవ్వకూడదనీ, అయిదేళ్ళ లోపు వాళ్ళకి మామూలుగా అక్కర్లేదనీ ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. మామూలు జలుబూ దగ్గూ చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. దగ్గితేనే కదా కఫం కదిలేది!

డాక్టరుగారు మందు రాశారే అనుకోండి, కొలత దగ్గర జాగ్రత్త. టీ చెంచా అంటే 5 ఎం.ఎల్. అని లెక్క. కానీ మన వంటింట్లో చెంచాలు ఏ రెండూ ఒకలా ఉండవు. మందుతో వచ్చిన మూతో, గీతలున్న సిరంజో వాడండి. జ్వరం మందు విషయంలో ఇంకో మెలిక ఉంది. పారాసిటమాల్ చుక్కల మందులో మామూలుగా ఒక ఎం.ఎల్.కి 100 మిల్లీగ్రాములు ఉంటుంది. 125 అని రాసిన సిరప్‌లో అయితే 5 ఎం.ఎల్.కి 125. అంటే చుక్కల మందు నాలుగింతలు ఘాటన్నమాట. సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే ఏమవుతుందో చూడండి! పైగా కొన్ని జలుబు మందుల్లో పారాసిటమాల్ ముందే కలిసి ఉంటుంది. దానికి తోడు జ్వరం మందు కూడా పోస్తే లివరుకి ప్రమాదం. అట్ట మీద అక్షరాలు చీమ తలంత ఉంటాయి నిజమే, అయినా కళ్ళజోడు పెట్టుకుని చదవాల్సిందే.

కొందరు బిడ్డ హాయిగా నిద్రపోతుందని ఈ మందు పోస్తుంటారు. నాకైతే వింటేనే ఒళ్ళు మండుతుంది. అది నిద్ర కాదమ్మా, మందు మత్తు.

ఇక అమ్మమ్మల వైద్యం. ఏడాది దాటిన పిల్లలకి పడుకునే ముందు అర చెంచా తేనె నాకిస్తే దగ్గు నెమ్మదిస్తుంది. ఏడాది లోపు మాత్రం తేనె చుక్క కూడా వద్దు. అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసివాళ్ళ పేగుల్లో పెరిగి విషం తయారు చేస్తుంది. కొబ్బరినూనెలో కర్పూరం కాచి రాయడం మనకి అలవాటే కానీ రెండేళ్ళ లోపు వాళ్ళకి మానెయ్యండి. కర్పూరం కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి. ముక్కులో నూనె చుక్కలూ వెయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ముక్కు బిగిస్తే షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు చాలు.

బిడ్డ నిద్రపోతున్నప్పుడు గడియారం పెట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఆపైన అయిదేళ్ళ దాకా 40 దాటినా, డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగకపోయినా తెల్లవారేదాకా ఆగొద్దు. మందు తాగాక వాంతులు అవుతున్నా, మూత్రం తగ్గిపోయినా అంతే. వెళ్ళేటప్పుడు ఆ సీసా, అట్టపెట్టె కూడా సంచిలో వేసుకోండి, బ్యాచ్ నంబరు దానిమీదే ఉంటుంది.