అరఫాత్ గుట్ట, గోల్కొండ బండ

హజ్ అధ్యాయం బోధిస్తుండగా ఒక విద్యార్థి లేచి, "హజ్రత్, చిత్రంలో జబలె రహ్మత్ రాళ్ళు మన గోల్కొండ రాళ్ళలాగే ఉన్నాయెందుకు?" అని అడిగాడు. పాఠం మీద దృష్టి పెట్టమని మందలించాము. మాకు జవాబు తెలియదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి అహం అడ్డు వచ్చింది.

తరువాత చదివి తెలుసుకున్నాము. అరఫాత్ మైదానంలోని ఆ గుట్ట ఎత్తు సుమారు 70 మీటర్లు. దాని రాయి గ్రానోడయోరైట్, గ్రానైటుకు దగ్గరి చుట్టం. పశ్చిమ అరేబియా ప్రాచీన శిలలు అధికభాగం 90 కోట్ల నుండి 55 కోట్ల సంవత్సరాల క్రితం ఏర్పడ్డాయి. అప్పుడక్కడ ఎడారి లేదు, సముద్రం ఉండేది. ఆ సముద్రపు అడుగుపలక మరొక పలక కిందికి వంగి భూగర్భంలోకి దిగుతూ తనతో నీటిని కూడా తీసుకుపోయింది. ఆ నీరు పైనున్న వేడి శిలలో చేరి, అది కరిగే ఉష్ణోగ్రతను తగ్గించింది. నీరు నిప్పును ఆర్పుతుందని ఎరిగిన మనకు, నీటివల్ల రాయి కరుగుతుందనడం వింతగానే తోస్తుంది. అలా పుట్టిన శిలాద్రవంలో కొంత అగ్నిపర్వతాలుగా వెలువడి దీవుల వరుసలైంది. మిగిలినది కిలోమీటర్ల లోతున ఆగి, అతి నెమ్మదిగా చల్లారింది. అందుకే దాని పలుకులు కంటికి కనిపించేంత పెద్దవి. క్రమంగా సముద్రం మూసుకుపోయి, దీవులు ఖండపు అంచుకు అతుక్కున్నాయి. పైపొరలు అరిగి లోపలి రాయి బయటపడింది. నేడు ఆండీస్ పర్వతాల అడుగున ఇదే పని సాగుతున్నది.

గోల్కొండ గ్రానైటు ఇంకా పాతది, సుమారు 250 కోట్ల ఏళ్ళది. రెండూ లోతున చల్లారినవే. పగుళ్ళ వెంబడి అరిగి గుండ్రని బండలైనవే. పోలిక అక్కడిది. మదీనా చుట్టూ ఉన్న 'హర్రా' నల్లరాయి మాత్రం నేలపైకి పొంగి త్వరగా గట్టిపడిన లావా. హిజ్రీ 654లో (క్రీ.శ. 1256) ఆ నగర సమీపాన లావా ప్రవహించిన వృత్తాంతం చరిత్రకారులు వ్రాశారు. హదీసు పాఠాలలో ఏళ్ళ తరబడి 'హర్రా' అనే మాట చెప్పాము, ఆ రాయి ఏమిటో మాత్రం చెప్పలేదు.

ఈ కోట్ల లెక్కలు పిల్లల ఈమాన్‌ను చెడగొడతాయని కొందరు తండ్రులు భయపడతారు. భూమి వయస్సు ఇంతని ఖుర్‌ఆన్ నిర్ణయించలేదు. ఫాతిర్ సూరా 27వ ఆయతులో కొండలలోని తెల్లని, ఎర్రని, కారునల్లని చారల ప్రస్తావన ఉంది. ఆ మరుసటి ఆయతులోనే జ్ఞానుల దైవభీతి ప్రస్తావన ఉంది. మా భయం వేరు. ఆ గుట్ట రాళ్ళను శుభం కోసం తడిమేవారు, వాటిపై పేర్లు వ్రాసేవారు, ముక్కలు ఇంటికి తెచ్చుకునేవారు ఉన్నారు. దైవప్రవక్త (స) గుట్ట పాదాన బండల దగ్గర నిలిచి, అరఫాత్ అంతా నిలిచే చోటేనని తెలియజేశారు. గుట్ట ఎక్కడం హజ్ విధులలో లేదు.

మొన్న ఆ విద్యార్థిని పిలిచి, తరగతి అందరి ఎదుట క్షమాపణ చెప్పి, ఒక గోల్కొండ రాతిముక్క చేతికిచ్చాము. పాఠం ముగిసేదాకా దాని పలుకులను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉన్నాడు. ఈసారి మందలించలేదు.