ఓడినవాడి వకాల్తా

1963లో ఒకరోజు సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. లోపల డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. పండక్కి అరుగు మీద, పెళ్లికి విడిదింట్లో, రైల్లో ఒళ్లో తువ్వాలు పరుచుకుని మనవాళ్లు ఆడే పదమూడు ముక్కలాటే అది. నిజాం కాలంలో, ఫసలీ 1305లో చేసిన జూద చట్టం అక్కడ ఇంకా అమల్లో ఉంది. దాని కింద కేసు కట్టారు. మేజిస్ట్రేటు శిక్ష వేశాడు, హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం పట్టు వదలక ఢిల్లీలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబరు 22న జస్టిస్ హిదాయతుల్లా తీర్పు చెప్పారు. రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదన్నారు. పడిన ముక్కలు గుర్తుండాలి, ఏది పట్టుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అన్నారు.

బాబూ రాజేంద్రప్రసాద్ పుట్టినరోజైన డిసెంబరు 3 మనకు న్యాయవాదుల దినోత్సవం. బార్ అసోసియేషన్ హాళ్లలో దండలు, ప్రసంగాలు, పెద్దలకు సన్మానాలు జరిగే రోజు. స్వాతంత్ర్యోద్యమాన్ని నడిపిన వకీళ్లను తలుచుకోవలసిన వేళ జూదం కేసుల వకీళ్ల ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ గత అరవై ఏళ్లలో ఒక చిన్న క్లబ్బు కేసు మీద వేల కోట్ల వ్యాపారం నిలబడిందంటే, మళ్లీ ఒక్క చట్టంతో కూలబడిందంటే, ఆ రెండింటి వెనకా నల్లకోట్ల వాదనే ఉంది. ఆ వాదనలో ఎవరి గొంతు వినిపించింది, ఎవరిది వినిపించలేదు అన్నది ఈ రోజు అడగదగిన ప్రశ్నే.

జూదం మీద మన న్యాయస్థానాల ఆలోచనకు మూలం 1957లో ఉంది. ఆర్.ఎం.డి. చమర్‌బాగ్‌వాలా బెంగళూరు నుంచి వెలువడే పత్రిక ద్వారా గళ్లనుడికట్టు పోటీలు నడిపేవాడు. ప్రవేశ రుసుము కట్టి గళ్లు నింపి పంపితే బహుమతి. బొంబాయి రాష్ట్రం పన్ను వేసింది, వ్యవహారం కోర్టుకెక్కింది. ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్ ఋగ్వేదంలోని జూదరి గోడు మొదలుకొని స్మృతుల దాకా తిరగేసి, జూదం వ్యాపారమే కాదని, రాజ్యాంగం ఇచ్చే వ్యాపార స్వేచ్ఛ దానికి వర్తించదని తేల్చారు. అదే ఏడాది నేర్పుతో గెలిచే పోటీ మాత్రం జూదం కాదని కూడా సుప్రీంకోర్టు చెప్పింది. తలుపు మూసిన చేత్తోనే కిటికీ తెరిచింది. పదేళ్లకు సికింద్రాబాద్ రమ్మీ ఆ కిటికీలోంచి బయటపడింది. 1996లో మద్రాసు గుర్రప్పందాలూ అదే దారి పట్టాయి.

అప్పటినుంచి జూదం కేసంటే వాదన ఒక్కటే: నేర్పా, అదృష్టమా? గణిత శాస్త్రజ్ఞుల నివేదికలు, వేల ఆటల లెక్కలు, ఒకే ఆటగాడు పదేపదే గెలిచిన పట్టికలు కోర్టుల ముందుకు వచ్చాయి. తమిళనాడు తెచ్చిన నిషేధాన్ని 2021లో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. కర్ణాటక నిషేధానికి 2022లో అదే గతి పట్టింది. తమిళనాడు మళ్లీ చట్టం చేసి కపిల్ సిబల్ వంటి వకీలును దింపినా, 2023లో రమ్మీ, పోకర్ ఆ నిషేధంలోంచి తప్పించుకున్నాయి. వృత్తి నైపుణ్యంగా చూస్తే ఇది గొప్ప న్యాయవాదమే. అందులో సందేహం లేదు.

అయితే సికింద్రాబాద్ తీర్పులో ఇంకో మాట ఉంది. క్లబ్బుగానీ ఇంటి యజమానిగానీ ఆ ఆట మీద లాభం గడిస్తున్నట్టు సాక్ష్యం ఉంటే అది నేరమే కావచ్చునని హిదాయతుల్లా అదే తీర్పులో రాశారు. అంటే ఆయన రెండు ప్రశ్నలు వేశారు. ఆట ఎలాంటిది అన్నది మొదటిది. బల్ల ఎవరిది, బల్ల యజమానికి ఏం మిగులుతోంది అన్నది రెండోది. అరవై ఏళ్లుగా కోర్టు హాళ్లలో మార్మోగింది మొదటి ప్రశ్నే. క్లబ్బులో కాఫీ ఖర్చుకు, పేక కట్టలకు తీసుకునే రుసుము సరే. లక్షలమంది ఫోన్లలో రాత్రింబవళ్లు తిరిగే బల్లకు ప్రతి ఆటలో కోత పెట్టే యజమాని ఆ క్లబ్బు కార్యదర్శి లాంటివాడేనా? ఆ తేడా మీద జరగాల్సినంత వాదన జరగలేదు.

జూదం చట్టం మరోచోట మరోలా పెరిగింది. అమెరికాలోని నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. అక్కడ నేర్పా అదృష్టమా అని ఎవరూ తల బద్దలు కొట్టుకోలేదు. రూలెట్ చక్రం అదృష్టమేనని పసిపిల్లవాడికీ తెలుసు. వాళ్ల ప్రశ్న వేరు: ఈ కాసినో పెట్టేవాడెవడు, వీడి డబ్బు ఎక్కడిది, వీడి స్నేహాలెవరితో? 1955లో గేమింగ్ కంట్రోల్ బోర్డు, 1959లో దాని పైన కమిషన్ వచ్చాయి. లైసెన్సు అక్కడ హక్కు కాదు, రాష్ట్రం దయతలచి ఇచ్చే అవకాశం. తాను యోగ్యుణ్నని నిరూపించుకోవలసింది అడిగినవాడే. సికింద్రాబాద్ క్లబ్బు మీద దాడి జరిగిన ఆ 1963లోనే, లేక్ టాహో ఒడ్డున ఉన్న కాల్-నీవా కాసినోలో మాఫియా నాయకుడు శామ్ జియాంకానాకు ఆతిథ్యం ఇచ్చినందుకు ఫ్రాంక్ సినాత్రా అంతటి గాయకుడు లైసెన్సు వదులుకోవలసి వచ్చింది.

అందుకే అక్కడి జూదం వకీలు పని ఎక్కువగా కాగితాల పని. క్లయింటు ఏళ్లనాటి బ్యాంకు ఖాతాలు తవ్వి బోర్డు ముందు పెట్టడం, అడిగినదానికి దాచకుండా జవాబు చెప్పించడం. 1980లో ఈ వకీళ్లకొక అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. లాస్‌వేగాస్‌లోని విశ్వవిద్యాలయం జూద చట్టంలో ఎల్ఎల్.ఎం. పట్టా ఇస్తోంది. అక్కడ అంతా పతివ్రతలేనని కాదు. మాఫియా ముఠాల తరఫున వాదించి పేరు తెచ్చుకున్న ఆస్కార్ గుడ్‌మన్ 1999లో అదే నగరానికి మేయరయ్యాడు. అయినా అక్కడి చట్టం చూపు ముక్కల మీద కాక బల్ల యజమాని మీద నిలిచింది. మనకూ గోవా నది మీద తేలే కాసినోలున్నాయి, సిక్కింలో కాసినోల చట్టముంది. కానీ మన వాదనల బరువంతా ఎప్పుడూ ముక్కల మీదే.

ముక్కల మీద జరిగిన ఆ వాదన ఎలాంటి వాక్యాలు పుట్టించిందో చూడాలంటే పాత రమ్మీ ప్రకటన ఒకటి గుర్తుచేసుకుంటే చాలు. సినిమా నటుడు నవ్వుతూ రమ్మంటాడు. చివర రెండు సెకన్లలో ఊపిరి తీసుకోకుండా ఒక గొంతు పరిగెత్తుతుంది: ఈ ఆటలో ఆర్థిక నష్టభయం ఉంది, వ్యసనం కావచ్చు, బాధ్యతగా ఆడండి. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో, ఫలానా రాష్ట్రాలవారు ఆడరాదు. ఆ జాబితాలో మన రెండు రాష్ట్రాలూ ఉండేవి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ 1974 నాటి చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని మూసేశాయి మరి. హైదరాబాద్‌లో పుట్టిన రమ్మీ కంపెనీకి హైదరాబాద్‌లోనే ఆటగాళ్లు ఉండకూడని చిత్రం ఏర్పడింది. ఆ చీమ తలకాయ వాక్యాన్ని ఎవరో ఒక వకీలు ఎంతో జాగ్రత్తగా కూర్చి ఉంటారు. కంపెనీకి అది గొడుగు. ఫోన్‌లో దొంగ లొకేషన్ పెట్టుకుని ఆడిన మన కుర్రాడికి అది ఏ నీడా ఇవ్వలేదు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల మీద కొత్త చట్టం చేసి, ఆ అరవై ఏళ్ల చర్చను మూడు రోజుల్లో పక్కన పెట్టేసింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. నేర్పయినా అదృష్టమైనా డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడించడం నేరం. నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు ఇచ్చేవారికి రెండేళ్లు, యాభై లక్షలు. ఆడినవాడిని మాత్రం ఈ చట్టం నేరస్థుడిగా చూడలేదు. తోటలో పేకాడుతూ దొరికినవాళ్లను వరసగా నిలబెట్టి ఫొటో తీసి ‘పేకాట రాయుళ్ల అరెస్టు’ అని అచ్చేసిన మనకు ఇది పెద్ద మార్పే. కంపెనీలు హైకోర్టులకు వెళ్లాయి, ఆ కేసులు సుప్రీంకోర్టుకు బదిలీ అయ్యాయి. మళ్లీ ఒకవైపు ప్రభుత్వం, ఒకవైపు పరిశ్రమ, రెండు వైపులా దేశంలోని మేటి వకీళ్లు.

మరి ఓడినవాడు? వాడి వకాల్తా ఎవరిది?

1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. గెలిచిన పందెం సొమ్ము ఇప్పించమని దావా వేయడానికి లేదు. ఓడినవాడికి దాంతో ఊరటా లేదు, ఎందుకంటే వాడి డబ్బు ముందే పోయింది. బ్రిటన్‌లో ఒకాయన, రేసు కుక్కల శిక్షకుడు, కోర్టుకెళ్లి చూశాడు. నన్ను నేను ఆపుకోలేకపోతున్నాను, ఆరు నెలలు నా దగ్గర పందేలు తీసుకోవద్దని ఆయన ఒక పెద్ద బెట్టింగ్ కంపెనీని అడిగాడు. వాళ్లు సరేనన్నారు గానీ ఆపలేదు. 2006లో గోల్ఫ్ పోటీ మీద ఒక్క పందెంలో 3,47,000 పౌండ్లు పోగొట్టుకున్నాడు. 2008లో కోర్టు కంపెనీ మాట తప్పిన సంగతి ఒప్పుకుంది. కానీ వీళ్లు ఆపినా నువ్వు ఇంకో చోటికి వెళ్లి పోగొట్టుకునేవాడివేగా అని దావా కొట్టేసింది. అప్పీలు కోర్టూ అదే మాట అంది. తర్కం సరిగానే ఉంది. కల్లు మానతానని వచ్చినవాడికి కుండ అందించి, నేనివ్వకపోతే పక్క పాకలో తాగేవాడుగా అన్నంత సరిగా ఉంది.

ఓడినవాడి వెనక ఇంకొకరుంటారు. భారతంలో జూద న్యాయం మీద మొదటి సూటి ప్రశ్న అడిగింది ఆడినవాడు కాదు, గెలిచినవాడూ కాదు. పణంగా పెట్టబడిన మనిషి. సభకు రమ్మని పిలవవచ్చిన ప్రాతికామితో ద్రౌపది, ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా, వెళ్లి అడిగి రమ్మంది. శకునిది నేర్పా అదృష్టమా అన్న మీమాంస ఆమెకు అక్కర్లేదు. తనది కానిదాన్ని పందెం పెట్టే హక్కు ఎవడికుంది అన్నదే ఆమె వాదం. ధర్మం సూక్ష్మమని భీష్ముడు తల దించుకున్నాడు. కౌరవుల్లోంచి ఒక్క వికర్ణుడు లేచి ఆమె పక్షాన మాట్లాడాడు.

ఇవాళ ఆ ప్రశ్న మన ఇళ్లలోనే ఉంది. భార్య పుస్తెలతాడు బ్యాంకులో తాకట్టుకు వెళ్లింది, తండ్రి భూమి పత్రాలు అప్పులవాడి చేతికి వెళ్లాయి, చెల్లెలి పెళ్లికి దాచిన డబ్బు వాలెట్‌లోంచి కారిపోయింది. వాళ్లెవరూ ఏ కేసులోనూ పార్టీలు కారు. నిషేధం నిలిస్తే ఆట కనపడని దారుల్లోకి, దేశం బయటి సైట్లలోకి జారుతుంది. నిలవకపోతే మళ్లీ నవ్వే నటుడు, పరిగెత్తే గొంతు. రెండింట్లోనూ వీళ్ల పేరు దావాలో ఉండదు. ఆటకు అనుమతి ఇచ్చే రోజు మళ్లీ వస్తే, తన కోత ఎంతో, ఆపమన్నవాణ్ని ఆపిందో లేదో రుజువు చేయాల్సిన భారం బల్ల యజమాని మీద ఉండాలి. అనుమతి లేని రోజుల్లో, పోయిన సొమ్ము జాడ పట్టేందుకు, అప్పు యాప్‌ల వేధింపును నిలువరించేందుకు మండల స్థాయి న్యాయ సేవా కమిటీలో ఒక వకీలైనా ఉచితంగా నిలబడాలి. ఉచిత న్యాయ సహాయానికి చట్టం 1987 నుంచే ఉంది. కొత్తగా కావలసింది అందులో కూర్చునే మనిషి.

జూదం చట్టంలో పేరు, ఫీజు రెండూ ఉన్నాయి. అవి సంపాదించుకున్న సీనియర్లను ఎవరూ తప్పుపట్టరు, క్లయింటు కోసం వాదించడం వాళ్ల ధర్మం. కానీ ఈ ఏడాది కొత్తగా నల్లకోటు తొడుక్కున్న కుర్ర లాయర్లకు సికింద్రాబాద్ తీర్పులో రెండో మాట ఇంకా మిగిలే ఉంది. వికర్ణుడు ఆ రోజు సభలో గెలవలేదు. అయినా ఇన్ని వేల ఏళ్ల తర్వాత ఆ సభలో ఎవరు లేచి మాట్లాడారంటే మనకు గుర్తుకొచ్చేది ఆ పిల్లవాడి పేరే.