పంట్లో లోహానికీ ఆయుష్షుంది

పిప్పి పన్నుకు వెండి ఫిల్లింగ్ పెట్టించుకున్నాక ఇక ఆ పన్ను సంగతే మరిచిపోతాం. అది సరికాదు. ఆ ఫిల్లింగులోని లోహ మిశ్రమంలో సుమారు సగం పాదరసం. మిగతాది వెండి, తగరం, రాగి. నోట్లో దానికి విశ్రాంతి లేదు. నమలడంతో అరుగుతుంది, లాలాజలంలోని లవణాలకూ, పులుపుకూ తుప్పు పడుతుంది. మొదట దెబ్బతినేది తగరం, పాదరసం కలిసిన భాగం. అందుకే 1960ల నుంచి రాగి పాలు పెంచిన మిశ్రమాలు వచ్చాయి. అవి తుప్పును బాగా తట్టుకుంటాయి.

విచిత్రమేమిటంటే, కొద్దిపాటి తుప్పు మేలే చేస్తుంది: పన్నుకూ లోహానికీ మధ్య సన్నని సందును పూడుస్తుంది. అది ముదిరితే మాత్రం అంచులు విరిగి, ఆ పగుళ్లలో మళ్లీ పుచ్చు మొదలవుతుంది. పక్కనే బంగారు తొడుగు ఉంటే తుప్పు ఇంకా వేగం. నిద్రలో పళ్లు కొరికేవారిలో అరుగుదల ఎక్కువ, పాదరసపు ఆవిరీ కొంత పెరుగుతుంది.

ఈ పాదరసం కారణంగానే ఐరోపా సమాఖ్య 2025 జనవరి 1 నుంచి ఈ ఫిల్లింగుల వాడకాన్ని దాదాపు నిషేధించింది. పాదరసం వాడకాన్ని తగ్గించే అంతర్జాతీయ మినమాటా ఒప్పందంలో భాగమైన మన దేశమూ ప్రభుత్వ దంత వైద్యశాలల్లో ప్రత్యామ్నాయాలను చవకగా అందించాలి. అలాగని బాగున్న పాత ఫిల్లింగును భయంతో తీయించుకోవద్దు. తొలిచేటప్పుడే పాదరసం ఎక్కువగా వెలువడుతుంది. అంచు నాలుకకు గరుకుగా తగిలినా, చల్లనీళ్లకు పన్ను జివ్వుమన్నా వెంటనే పళ్ల డాక్టరుకు చూపించండి.